దెయ్యానికి చిరునామా లేదు

వంట బాగుందని చెప్పాలంటే "ఇంకొంచెం వెయ్యండి" అంటాం. పాట బాగుందని చెప్పాలంటే "ఇంకోసారి పాడండి" అంటాం. దెయ్యాల నవల బాగుందని చెప్పాలంటే మాత్రం "రాత్రి కంటిమీద కునుకుంటే ఒట్టు!" అంటాం. చిత్రం చూడండి, ఈ మాట ఇంకే వస్తువు గురించి అన్నా ఫిర్యాదే అవుతుంది. పరుపులమ్మే అతని దగ్గరికి వెళ్ళి "మీ పరుపుమీద మూడు రాత్రులు నిద్రపట్టలేదండీ" అంటే అతను సంతోషిస్తాడా? నవల రాసినాయన సంతోషిస్తాడు. వీలైతే రెండో ముద్రణ అట్టమీద ఆ మాటే అచ్చు వేయిస్తాడు కూడా.

అంచేత భయం పుట్టించే నవలమీద పాఠకుల అభిప్రాయాలను మామూలు తూకపురాళ్ళతో తూచడం కుదరదు. "అబ్బ, ఎంత బాగుందో" అన్నావిడ ఆ వారమంతా పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. "ఒట్టి చెత్త" అన్న పెద్దమనిషి చివరి పేజీ దాకా వదల్లేదు. డబ్బిచ్చి మరీ భయం కొనుక్కోవడం బుద్ధున్న పనేనా? భయాన్ని అమ్మడం ధర్మమేనా? ఈ రెండు ప్రశ్నలూ చూడ్డానికి తేలికగానే ఉంటాయి గానీ, పట్టుకుని లాగితే వాటి వేళ్ళు చాలా దూరం పోయాయని తెలుస్తుంది.

మన తెలుగువాళ్ళలో ఈ రకం మెప్పూ ఈ రకం తిట్టూ రెండూ గంపలకొద్దీ సంపాదించుకున్న నవల యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆస్తికోసం ఒక పసిపిల్లమీద 'కాష్మోరా' అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పిల్ల మంచం పడుతుంది. ఇక అక్కణ్ణించి ఒకవైపు డాక్టర్లు, మనస్తత్వ శాస్త్రం, హిప్నాటిజం. ఇంకోవైపు మంత్రాలు, ప్రయోగాలు. రచయిత ఈ రెండిటినీ రెండు ఎడ్లలాగా ఒకే కాడికి కట్టి తోలాడు. బండిని ఏ ఎద్దు లాగిందో పాఠకులే చెప్పుకోవాలి. చెప్పుకున్నారు కూడా, ఏళ్ళతరబడి!

సీరియల్ వచ్చిన రోజుల్లో నేను పాకే వయసులో ఉన్నాను. నాకు ఆ నవల పరిచయమైంది 1990లలో, మా మంచిర్యాలలో అద్దెపుస్తకాల దుకాణం ద్వారా. రోజుకు రూపాయి. అట్ట ఊడిపోతే దుకాణమతను సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి, దారంతో కుట్టి, మళ్ళీ అద్దెకిచ్చేవాడు. ఆ పుస్తకంలో రచయిత రాసింది ఎంతుందో, పాఠకులు రాసింది కూడా ఇంచుమించు అంతే ఉండేది. పెన్సిలుతో, పెన్నుతో, ఒకచోట కాటుకతో కూడా.

"అమావాస్య నాడు చదవకండి. అనుభవంతో చెబుతున్నాను" అని ఒకరు. దానికింద ఇంకో చేతివ్రాత: "నేను అమావాస్యనాడే సదివిన. ఏం కాలే." దానికింద మూడోవారు: "ఇంకా నెల కాలేదు కదా, ఆగు." ఇంకోచోట ఎవరో డాక్టరు తరఫున వకాల్తా పుచ్చుకుని, "ఇదంతా మనసు బలహీనత. పిల్లను పెద్దాసుపత్రిలో చూపించాలి" అని రాశారు. ఆడవాళ్ళదే అనిపించే ముత్యాల్లాంటి అక్షరాలు: "పాపం ఆ తల్లి. ముందు ఆమెను ఒక్క రాత్రి నిద్రపోనియ్యండి." అన్నిటికంటే నాకు గుర్తున్నది, ఒక కాగితం చిరిగిపోయినచోట ఎర్రసిరాతో రాసిన శాపం: "ఈ పేజీ చింపినవానికి కాష్మోరా తగుల!"

చూశారా, నాలుగు వాక్యాల్లో నాలుగు రకాల పాఠకులు! సరదాగా భయపడేవాళ్ళు. భయాన్ని పరీక్షపెట్టేవాళ్ళు. భయంలో కూడా తల్లి బాధ కనిపెట్టేవాళ్ళు. ఇక కాష్మోరాను నమ్మకపోయినా, పేజీ పోయిందన్న కోపంలో దాన్ని వాడుకోవడానికి వెనకాడనివాళ్ళు. ఈ చివరివాళ్ళను కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీళ్ళతో పనుంది.

పుస్తకం బయట కూడా తగాదా తక్కువేం కాదు. రంగనాయకమ్మగారైతే మొహమాటమేమీ లేకుండా 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అన్న పేరుతోనే విమర్శ రాశారు. మూఢనమ్మకాలతో కునారిల్లుతున్న సమాజానికి ఇంకా ఇలాంటివా అని హేతువాదుల కోపం. కథను కథగా చదవడం చేతకాదా అని అభిమానుల కోపం. "మేము చదివి హాయిగా భయపడుతుంటే మధ్యలో మీరెవరు?" అని మామూలు పాఠకుల కోపం. ముగ్గురి కోపంలోనూ న్యాయముంది. అందుకే ఈ తగాదా ఇన్నేళ్ళయినా తెమల్లేదు.

ముందు హాయిగా భయపడేవాళ్ళ సంగతి చూద్దాం. మాది బొగ్గుబాయిల సీమ. అటు శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. గోదావరి దాటితే గోదావరిఖని. మొగుడు మూడో షిఫ్టుకు పోయిన రాత్రి, పిల్లలు పడుకున్నాక, క్వార్టర్లో ఒంటరిగా ఉన్న ఇల్లాలు ఏ రామకోటో రాసుకోవచ్చు కదా? ఉహుఁ. తలుపు గొళ్ళెం వేసి, తలగడకింద దాచిన దెయ్యాల నవల తీసేది. ఎందుకని? నేను ఒక అక్కను అడిగాను. ఆమె చాలా సేపు ఆలోచించి అన్నమాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "గది మూసేస్తే పోయే భయం చెల్లే. బాయిలకు పోయిన మనిషి తిరిగొచ్చేదాక ఉండే భయముందే, గది మూస్తే పోదు."

ఆలోచిస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మనకు తెలియని పెద్ద భయం ఒకటి గుండెలో కూర్చుని ఉంటుంది. దానికి ఆకారం లేదు, ముగింపు లేదు. నవల ఒక చిన్న భయాన్ని అప్పిస్తుంది. దానికి మొదలుంది, తుది ఉంది, వెల ఒక్క రూపాయి. చిన్న భయాన్ని గెలిచిన ధైర్యంతో పెద్ద భయం పక్కన ఇంకో రాత్రి పడుకోవచ్చు. కనక భయం కొనుక్కోవడం బుద్ధిలేని పనేమీ కాదు. పిల్లలు దాగుడుమూతలు ఎందుకు ఆడతారు? దొరకడమన్న భయం ఉంటేనే ఆట. అందులో పాపమేముంది?

పోతే, ఆ బాయిలోకి దిగే మనిషి సంగతి వేరు. మా వీధిలో ఒక చిన్నాయన ఉండేవాడు, సర్దార్ పని. మేము ఆడపిల్లలం నవల చదివి కేకలు పెడుతుంటే నవ్వేవాడు. "గీ కాయితం దయ్యాలకేం భయపడతరు బిడ్డా! మా దయ్యం నెత్తిమీదుంటది" అనేవాడు. నెత్తిమీదున్నది గని పైకప్పు. సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమని మోగితే గట్టిది. డొల్లగా పలికితే ఊడబోతోందన్నమాట. ఇంకో దెయ్యం గాలిలో ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. దాన్ని మీథేన్ అంటారు. సేఫ్టీ ల్యాంపులో వత్తిని బాగా తగ్గించి చూస్తే, ఆ వాయువు ఉన్నచోట మంటమీద లేత నీలిరంగు టోపీ ఒకటి కనిపిస్తుంది. ఆ టోపీ ఎత్తునుబట్టి ప్రమాదం ఎంతో అంచనా వేస్తారు.

ఆ దీపం కథ వింటే దెయ్యాల నవలకంటే తక్కువేమీ కాదు. 1812లో ఇంగ్లండులో ఫెల్లింగ్ అనే గనిలో పేలుడు జరిగి 90 మందికి పైగా చనిపోయారు. అలాంటి చావులు చూడలేక అడిగినవాళ్ళ కోరికమీద, 1815లో హంఫ్రీ డేవీ మంటచుట్టూ సన్నటి లోహపు జల్లెడ కట్టి దీపం చేశాడు. అంతకు చాలాముందు, 1556లో అచ్చయిన గనుల శాస్త్రగ్రంథంలో అగ్రికోలా అనే జర్మన్ పండితుడు గనుల్లో తిరిగే భూతాల గురించి కూడా శ్రద్ధగా రాసిపెట్టాడు. జర్మనీ గనుల్లో ఒక రకం రాయి ఉండేది. చూస్తే విలువైన ఖనిజంలాగే ఉండేది. కరిగిస్తే వెండి రాదు, పైగా విషపు పొగ. ఇది 'కోబోల్డు' అనే కొంటె భూతం పని అన్నారు పనివాళ్ళు. నిజానికి ఆ పొగ ఆర్సెనిక్. 1730లలో బ్రాంట్ అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రాయిలోంచి కొత్త లోహాన్ని తీశాడు. దానికి ఆ భూతం పేరే మిగిలిపోయింది, కోబాల్ట్. ఇవ్వాళ మన చేతిలో ఫోను ఉందంటే చాలాసార్లు దాని బ్యాటరీలో ఆ భూతం బుద్ధిగా కూర్చుని కొలువు చేస్తోంది!

ఇదంతా ఎందుకు చెప్పానంటే, భయం చెడ్డది కాదని. భయపడ్డవాడు అడిగే మొదటి ప్రశ్నలోనే మంచీచెడ్డా ఉన్నాయి. గనిలో మనుషులు చనిపోతుంటే "ఇది ఏమిటి?" అని అడిగినవాడి భయం దీపమైంది. అదే భయం "ఇది ఎవరి పని?" అని అడిగితే, కర్రవుతుంది. కిరోసిన్ డబ్బా అవుతుంది.

ఇప్పుడు నవలల దగ్గరికి వద్దాం. నావరకు నాకు దెయ్యాల నవలకూ చేతబడి నవలకూ మధ్య ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. విమర్శకులు రెండిటినీ ఒకే గాటకు కట్టేస్తారు గానీ, దెయ్యానికి చిరునామా లేదు. మర్రిచెట్టుమీద ఉంటుంది, పాడుబడ్డ బంగళాలో ఉంటుంది. మీరు ఎంత నమ్మినా ఆ నమ్మకంవల్ల దెబ్బతినేవాళ్ళు మీరే. మహా అయితే మర్రిచెట్టుకు ఒక మేకు పడుతుంది. చేతబడి అలా కాదు. చేతబడి అనేసరికి "చేసిందెవరు?" అన్న ప్రశ్న దాని కడుపులోనే ఉంటుంది. చేసినవాడికి పేరుండాలి, ఇల్లుండాలి. సాధారణంగా ఆ ఇల్లు మన వీధి చివరే ఉంటుంది.

అమెరికాలో 1971లో విలియం పీటర్ బ్లాటీ 'ది ఎక్సార్సిస్ట్' నవల రాశాడు. 1973లో సినిమాగా వచ్చి ప్రపంచాన్ని వణికించింది. అందులోనూ ఒక ఆడపిల్ల, ఒక తల్లి, డాక్టర్లు, చివరికి మతగురువులు. కానీ ఆ పిల్లను ఆవహించిన భూతాన్ని పంపిన పొరుగావిడంటూ ఎవరూ లేరు. సినిమా చూసి ఇంటికొచ్చిన ప్రేక్షకుడు దేవుణ్ణో సైతానునో తలుచుకుంటాడు. పక్కింటి తలుపు వైపు చూడడు. 'తులసిదళం'లో అలా కాదు. పాపకు హాని తలపెట్టింది మనుషులు, డబ్బుకోసం, ఇంకో మనిషిచేత. పుస్తకం మూసిన పాఠకుడి చూపు ఎటు వెళుతుంది?

తెలంగాణలో దీన్ని బాణామతి అంటారు. కోస్తాలో చేతబడి, కొన్నిచోట్ల చిల్లంగి. పేరేదైనా పేపర్లలో ఈ వార్తకు ఒక పడికట్టు శీర్షిక ఉంది: 'మంత్రాల నెపంతో హత్య'. మంత్రం పనిచేయకుండా ఉండాలని పళ్ళు ఊడగొట్టిన ఊళ్ళున్నాయి. 2022 జనవరిలో, మాకు ఎంతో దూరంలేని జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నాడన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కులసంఘం సమావేశంలోనే పొడిచి చంపారు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటేటా వేసే లెక్కల్లో, హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఒక వరస కేటాయించి ఉంది. 2022 సంవత్సరానికి ఆ వరసలో కనిపించే అంకె 85. అవి మంత్రాలు చంపిన చావులు కావు, మంత్రాలున్నాయన్న నమ్మకం చంపిన చావులు.

ఇంకో విచిత్రం ఉంది. నవలలో ఆస్తికోసం మంత్రం వేస్తారు. బయట, చాలాసార్లు, ఆస్తికోసమే మంత్రం వేశారన్న నింద వేస్తారు. ఒంటరి ముసలమ్మ, రోడ్డు పక్కన జాగా, అడ్డం వచ్చే వారసులు లేరు. కాష్మోరాకంటే చవకైన ప్రయోగం ఇది. దీనికి నిమ్మకాయలు కూడా అక్కర్లేదు, నాలుక ఒకటి చాలు.

మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు ఇంత జాగా. పిల్లలకు దిష్టి తీసేది, కామెర్లకు ఏదో ఆకు చెప్పేది. ఒక ఎండాకాలం మా వరసలోనే ఒక పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. సరిగ్గా అప్పుడే సిమెంటు సంచి అట్ట పుస్తకం చేతులు మారుతూ వీధంతా తిరుగుతోంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, "అవ్వ సూపు మంచిది గాదు" అన్నమాట పుట్టింది. పుట్టినమాటకు నెలలు నిండనక్కర్లేదు కదా, మర్నాటికే నడిచింది. నల్లా దగ్గర అవ్వ బిందె పెడితే మిగిలిన బిందెలు పక్కకు జరిగాయి. పాలమనిషి ఆ గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. పేజీ చింపినవాణ్ణి కాష్మోరాకు అప్పగించిన ఆ ఎర్రసిరా పాఠకుడి కోపమే, సిరాలోంచి దిగి వీధిలో నడవడం మొదలుపెట్టింది.

మా అమ్మ ఆ నవలను నాలుగుసార్లు చదివిన మనిషి. చదివిన ప్రతిసారీ వారంపాటు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే బాపును లేపేది. అటువంటి అమ్మ, ఒకరోజు పొద్దున నల్లా దగ్గర అందరూ ఉన్న సమయం చూసి, కొంగు బిగించి, తిన్నగా అవ్వ ఇంటికి పోయి అరుగుమీద కూర్చుంది. "అవ్వా, ఇంత చాయ్ పొయ్యి" అంది. అవ్వ చేతులు వణుకుతుంటే పాలులేని చాయ్ పోసింది. అమ్మ వీధివైపు తిరిగి కూర్చుని, ఊదుకుంటూ, తీరిగ్గా తాగింది. తరవాత ఆ పిల్లవాడి తల్లిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది. మాత్రలు రాశారు. క్రమం తప్పకుండా వేస్తే పిల్లవాడికి తగ్గింది. తరవాత్తరవాత తెలిసిందేమంటే, అందరికంటే గట్టిగా గుసగుసలాడిన మనిషికి అవ్వ ఇంటి ముందున్న జాగామీద చాలాకాలంగా కన్నుందట!

"నీకు భయమెయ్యలేదా అమ్మా?" అని అడిగాను.

"ఎయ్యకేం? పుస్తకానికి భయపడ్డ. అవ్వకెందుకు భయపడుత?" అంది.

భయానికీ మనిషికీ మధ్య ఎక్కడ గీత గియ్యాలో చెప్పడానికి నేను ఎన్ని పేజీలు రాసినా ఈ రెండు ముక్కలకు సాటిరావు.

సరే, ఇప్పుడు రచయిత తప్పెంత? ఇక్కడ తొందరపడకూడదు. అభిమానులు అడిగే ప్రశ్న సబబైనదే: "మంత్రాల నెపంతో చంపేవాళ్ళలో నవలలు చదివేవాళ్ళెందరు?" తక్కువమందే. బాణామతి నమ్మకం ఈ నవలకంటే ఎన్నో తరాల పాతది. సీరియల్ రాకపోయినా ఆ చావులు జరిగేవి. కనక ఫలానా నవల ఫలానా ప్రాణం తీసిందనడం కూడా ఒక రకం చేతబడి ఆరోపణే. దూరంగా ఉన్న చెయ్యి కనపడకుండా చంపిందనడమే కదా అదీ! రచయితనైనా సరే, సాక్ష్యం లేకుండా ముద్దాయిని చెయ్యకూడదు.

కానీ నవల ఒకచోట పనిచేస్తుంది. నమ్మేవాళ్ళ దగ్గర కాదు, చదువుకున్నవాళ్ళ దగ్గర. వీధిలో గుసగుస పుట్టినప్పుడు జనం నాలుగు ముఖాలకేసి చూస్తారు. బడిపంతులు, కాంపౌండరు, కానిస్టేబులు, పదిమందిలో మాట చెల్లే ఇల్లాలు. ఈ నలుగురూ "ఛ, నోర్ముయ్యండి" అంటే గుసగుస అక్కడే చస్తుంది. కానీ ఆ నలుగురూ రాత్రిపూట రెండెడ్ల బండి నవల చదివినవాళ్ళయి, "ఏమో, చెప్పలేం. సైన్సుకు అందనివి లేవంటారా?" అన్నారనుకోండి. ఆ "ఏమో" చాలు. కర్ర పట్టుకున్నవాడికి కావలసింది నమ్మకం కాదు, పెద్దమనుషుల మౌనం. "ఏమో" అనేది చదువుకున్నవాడి మౌనానికి మర్యాదైన పేరు.

నవలలో రెండు దారులూ తెరిచి ఉంచడం నేర్పరితనం. రెండువైపులా లాగుతుంటేనే కథ బిగుస్తుంది. ఆమాట రాసేవాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ జీవితంలో ఆ రెండు దారులూ సమానం కావు. డాక్టరు దారి తప్పని తేలితే ఒక మాత్ర దండగ. మంత్రగాడి దారి తప్పని తేలేసరికి ఒక ముసలమ్మ ఉండదు. త్రాసులో ఒకవైపు మాత్ర, ఒకవైపు మనిషి. ముల్లు మధ్యలో నిలబెట్టి "నేను ఎటూ మొగ్గలేదు" అంటే, అది న్యాయమైన తూకమా?

ఈమధ్య ఒక పత్రికాయన ఫోన్ చేసి, "మేడమ్, మంచి చేతబడి సీరియల్ ఒకటి రాయండి, ఎప్పటికీ దానికి గిరాకీ తగ్గదు" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. 2008లో రాంగోపాల్ వర్మ చేతబడిమీద 'ఫూంక్' అనే హిందీ సినిమా తీసి, హాల్లో ఒంటరిగా కూర్చుని చూసినవాళ్ళకు 5 లక్షలిస్తామని ప్రకటిస్తే దేశమంతా ఆ ముచ్చటే చెప్పుకుంది. భయం అమ్మకానికి పెడితే బోణీ కాని రోజంటూ ఉండదు.

నేను ఆయనతో అన్నాను: "దెయ్యం కావాలంటే రాస్తానండీ, ఎంత పెద్దదైనా సరే. చేతబడి కావాలంటే కూడా రాస్తాను, కానీ రెండో ఇంట్లోంచి రాస్తాను." ఆయనకు అర్థం కాలేదు. రెండో ఇల్లంటే, నింద పడిన ఇల్లు. రాత్రివేళ తలుపు గొళ్ళెం పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. బయట అడుగుల చప్పుడు. ఒకటి, రెండు, పది. కుక్క మొరగడం మానేస్తుంది, ఎందుకంటే వచ్చినవాళ్ళు దానికి తెలిసినవాళ్ళే. వాళ్ళ పాదాలు వెనక్కి తిరిగి ఉండవు, మామూలు మనుషుల్లాగే ముందుకే ఉంటాయి. ఇంతకంటే ఒళ్ళు జలదరించే నవల ఎవరైనా రాయగలరేమో చెప్పండి. "పాఠకులు మరీ భయపడతారేమోనండీ" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

కాబట్టి, "మా అమ్మాయి దెయ్యాల నవలలు చదువుతోంది, చదవనివ్వచ్చా?" అని అడిగే తల్లులకు నా సలహా ఇది. భేషుగ్గా చదవనివ్వండి. కేకలు పెట్టనివ్వండి, రెండు రాత్రులు మీ పక్కలో పడుకోనివ్వండి. భయపడటం చేతకాని మనిషి ధైర్యం ఎక్కడ నేర్చుకుంటుంది? పుస్తకం అయిపోయాక "ఎలా ఉందే?" అని అడగండి. అదిరిందంటుంది, చెత్తంటుంది, ఏదైనా అననివ్వండి. అది అభిరుచి, అందులో మనం వేలు పెట్టకూడదు.

కానీ ఆ తరవాత ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి. "ఇది చదివాక వీధిలో ఎవరినైనా చూస్తే నీకు కొత్తగా భయమేస్తోందా?" అని. "లేదు, మర్రిచెట్టును చూస్తేనే వేస్తోంది" అంటే నిశ్చింతగా దీపమార్పి పడుకోండి. అలాకాక, ఏదో ఒక ఇంటి పేరు చెప్పిందనుకోండి, అప్పుడు మీకు పనుంది. మర్నాడు పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. అరుగుమీద కూర్చోండి. ఇంత చాయ్ అడగండి. నలుగురూ చూసేటట్టు, తీరిగ్గా తాగండి.